సేలం తరాజు

పాలమూరు మిషన్ బంగళా సామాను వేలమేసిననాడు
అల్మారాలు ఆస్పత్రోళ్లు కొనుక్కున్నరు.
పియానో ఎవరికీ వద్దంటే వాననీళ్లల్ల ఉబ్బింది.
నేను తరాజు ఒక్కటే తెచ్చుకున్న, మూడు వందలకు.
తరాజులు బాగుచేసుడే గద నా బతుకు,
అచ్చంపేట బస్టాండు ఎనుక రేకుల డబ్బల.

ఇత్తడి కాడ మీద చెక్కిన పేరు: సేలం.
తమిళదేశం సేలమేమో అనుకున్న.
"కాదు తమ్మీ" అన్నది పాత నర్సు సుకీర్తనమ్మ,
"అమెరికల గూడ ఒక సేలముంది, ఓడలూరు.
మా డాక్టరమ్మ ముత్తాత ట్రాస్కు దొర
ఆడికెళ్లే పోయిండు ఫిజీ దిక్కు దీవులకు, గంధం బేరానికి.
పందొమ్మిదేండ్లు ఆ దీవోళ్ల నడుమనే బతికిండు,
వాళ్ల గడ్డలు తిని, వాళ్ల చాప మీద పండుకొని."

పెట్టె అడుగున లెక్కల పుస్తకం.
అద్దాలు తుడుచుకొని ఆమెనే చదివింది:

గంధం మొద్దులు నలభై. గొడ్డలి ఒకటి.
తాబేలు చిప్పలు తట్టెడు. నీలం పూసలు పిడికెడు.
వాన. ఓడ రాలేదు.
గంధం మొద్దులు అరవై. గొడ్డలి ఒకటి, మొండిది.
జ్వరం. ముసలాయన ఒకడు పసరు తాపి
తెల్లారేదాక కూచున్నాడు. పొగాకు ఇచ్చాను, చిన్న ముక్క.
ఆడమనిషికి మేకులు ఏడు.

ఏ ఆడమనిషి?
పేజీలు తిప్పింది సుకీర్తనమ్మ.
ఆడమనిషికి గుడ్డ. ఆడమనిషి బిడ్డకు గుడ్డ.
బిడ్డ పెట్టెకు పలకలు నాలుగు, మేకులు పన్నెండు.
పేరు ఎక్కడా లేదు.
మేకుల లెక్క మాత్రం ఎక్కడా తప్పలే.

రాత్రి తరాజును దూలానికి కట్టిన.
పళ్లేలు ఖాళీగ ఉంటే ముల్లు సాధువు లెక్క నిలబడ్డది.
రెండు దిక్కుల సరిసమానం రాళ్లేసిన,
సరుకు పళ్లెం పైకి లేచింది.
కాడ ఆ దిక్కు వడ్లగింజంత పొట్టి.
ఆ పొట్టి దాచనీకె
పళ్లెం కింద గోటితో గీకితే ఊడొచ్చే సీసం.

ఈ పని నాకెరుక.
మా నాయిన మోనాచారి ఇట్లనే చేసేటోడు
మన్ననూరు సంత షావుకార్లకు,
చెంచోళ్ల తేనె, జిగురు తూచే తరాజులకు.
ఒక్కో తరాజుకు సోలెడు తేనె ముట్టేది.
ఆ తేనె నేనూ నాకిన.
తియ్యగనే ఉండె, అబద్ధమెందుకు.

పెట్టెల ఇంకొకటుండె: నారతాడు,
ఈ కొసకెళ్లి ఆ కొసదాక ముడులే.
పుస్తకంల దాని ఊసే లేదు.

మన్ననూరు బస్సెక్కి తీస్కపోయి చూపించిన,
చిగుర్ల ఈదమ్మకు.
తేనె సేర్లను తాడుకు ముడేసి లెక్కవెట్టిన చెయ్యి ఆమెది.
కండ్లు మూసుకొని వేళ్లతోనే చూసింది.
"ఇవి మా ముడులు గావు, బిడ్డా.
ఎవరియో నాకేం తెలుసు.
గని ఈడిదాక బిర్రుగున్నయ్, ఈడికెళ్లి వదులు."
"అంటే?"
"చెయ్యి అలిసిందో, వాని మీద నమ్మకమే అలిసిందో."

ఇంకా ఏదో అంటదనుకొని కూసున్న.
నా మొకం దిక్కు చూసి అన్నది:
"నువ్వు మోనాచారి కొడుకువు గాదా?
మీ నాయిన తరాజులు మాకెరుకనే.
అందుకే గద తేనెల నీళ్లు కలిపేది మేము."
పొట్ట పట్టుకొని నవ్వింది, నేనూ నవ్విన,
ఎవరిది ముందు ఆగిందో యాదిలేదు.

"సీసం తీసినవా?"
"తీస్తే పళ్లెం లేస్తది అవ్వా.
కాడ పొట్టి పొట్టిగనే ఉంటది."
"అయితే కాడనే మార్చు" అన్నది,
పొగాకు దవడకు దోపుకుంట.

ఆఖరు బస్సుకు ఎనుకకొచ్చిన.
తాడు ఆమె దగ్గరనే ఉంచుకుంది.
పైస నేనడగలే, ఆమె ఇయ్యలే.